రెండు లీటర్ల సారు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అప్పటికి ముప్పై నిండలేదు. ప్రభుత్వ బడిలో సైన్సు పంతులు ఉద్యోగం, ఇంటి ముందు ఒక పాత కారు. ఈ మూడూ ఒకేసారి దొరికిన మనిషికి కాళ్ళు నేలకు ఆనవు. అందుకే కథ మొదలుపెట్టే ముందే తప్పు ఒప్పుకుంటాను. మా బామ్మర్ది బిడ్డకు పేరు పెట్టే తొట్టెల నాడు, ఉప్పునుంతల దగ్గర వాళ్ళ ఊళ్ళో, వాళ్ళ వాకిట్లోనే, విస్తళ్ళ ముందు కూర్చున్న చుట్టాలందరూ వింటుండగా, నేను అతన్ని చేయని తప్పుకు దోషిని చేశాను. ఆ తప్పు చేసింది నేనే. అప్పటికి నాకా సంగతి తెలియదన్నది నిజమే. కానీ తెలుసుకుందామని కూడా నాకు అనిపించలేదు. ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే మొదటిదానికంటే ఈ రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మేమప్పుడు వనపర్తిలో అద్దెకుండేవాళ్ళం. నేను రోజూ పాన్‌గల్ బడికి పోయి వచ్చేవాణ్ణి. మా ఆవిడ చిన్నతనంలోనే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుంది. ఆమెకు తల్లిగారిల్లు అంటే ఒక తమ్ముడు, ఆ ఇద్దరినీ పెంచిన వాళ్ళ నాయినమ్మ. అంతే. ఆ తమ్ముడే మా బామ్మర్ది. పదో తరగతి సగంలో వదిలేసి ట్రాక్టర్ ఎక్కాడు. తన రెండెకరాలూ, ఊళ్ళోవాళ్ళ పొలాలూ దున్నుతాడు. అతని చదువు గురించి నేను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. (అనకుండానే అర్థమయ్యేటట్టు నడుచుకోవడం నాకు బాగా చేతనయ్యేది.)

ఇక కారు. గద్వాలలో ఒక ధాన్యం వ్యాపారి వాడి వాడి వదిలేసిన తెల్లని డీజిల్ బండి అది. దుమ్ము పోకుండా, నీళ్ళు చొరకుండా ఆయన దానికి కింద నానా మరమ్మతులు చేయించాడు. ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆయన మిస్త్రీకి తప్ప ఇంకెవరికీ తెలియదని తర్వాత తెలిసింది. నేనైతే దాన్ని పసిబిడ్డలా చూసుకునేవాణ్ణి. ఎండలో నిలపను, బురదలో దించను, చెప్పులు దులుపుకోకుండా మా ఆవిణ్ణి కూడా ఎక్కనివ్వను. అలాంటి కారు డిక్కీలో రెండు బస్తాల పల్లికాయ వేసుకున్నానంటే ఆ ఏడు మా చెలక అంత బాగా పండిందన్నమాట. పాన్‌గల్ పక్కన మాకున్న మూడెకరాల ఎర్రనేల అది. విత్తనానికని తెచ్చిన ఆ బస్తాలను దించడానికి బద్ధకించి వారం రోజులు బండిలోనే ఉంచాను. ఎలుకలకు వారం చాలా ఎక్కువ సమయం. మొదట హారన్ మోగడం మానేసింది. తర్వాత వెనక లైటు ఒకటి పోయింది. ఒక ఉదయం సీటు కిందనుంచి ఒక ఎలుక పల్లికాయ నోట కరుచుకుని వచ్చి, నా వైపు చూసి, తొందరేమీ లేనట్టు దిగి వెళ్ళింది.

ఆ ఆదివారం నేను కారు కింద దూరాను. చేతికి దొరికిన పాత తువ్వాలను పీలికలుగా చించి, కనపడిన ప్రతి సందులోనూ కుక్కాను. వెనక చక్రం పైన, రేకు చాటున, వేలంత లావున్న గొట్టం మూతి ఒకటి పైకి తిరిగి ఉంది. అది దేనికుందో నాకు తెలియదు. అందులోకి ఎలుక కాదు కదా, చీమ కూడా వరసలో నిలబడి పోవాలి. అయినా తెలియనిదాన్ని మూసేయడం ఆ రోజుల్లో నా పద్ధతి. పీలికను మడతపెట్టి, లోపలికి నొక్కి, జారిపోకుండా సుతిలి దారంతో రెండు ముళ్ళు వేశాను. బయటికి వచ్చి, ఒళ్ళు దులుపుకుని, మా ఆవిడతో, "ఇక ఎట్ల వస్తయో చూస్త" అన్నాను. ఆ తర్వాత ఆ గొట్టాన్ని పూర్తిగా మరిచిపోయాను.

సరిగ్గా మూడో రోజు మా బామ్మర్ది వచ్చాడు. వాళ్ళావిడకు నెలలు నిండాయి.

"బావా, దినాలు దగ్గరపడ్డయి. డాక్టరమ్మ ముందుగాల్నే వచ్చి ఉండుమన్నది. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీస్కపోవాలె, బస్సుల వద్దంటున్నరు. జర నాల్గు దినాలు కారిస్తవా?"

ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు. గేరు ఎలా మార్చాలి, తలుపు ఎంత మెల్లగా వేయాలి, గుంత వస్తే ఏం చేయాలి, అన్నీ చెప్పాను. పద్నాలుగేళ్ళ వయసు నుంచి ట్రాక్టర్ తోలుతున్న మనిషి, చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు. అయిదో రోజు ఆడపిల్ల పుట్టిందన్న కబురుతో, కారు తళతళ కడిగించి, ముందు అద్దానికి నిమ్మకాయ కట్టి మరీ తెచ్చి ఇచ్చాడు. తాళంచెవి నా చేతిలో పెడుతూ, "బావా, ఒక మాట" అన్నాడు.

"ఏంది?"

"డీజిల్ పడ్తలేదు. రెండు లీటర్లు పోయంగనే పైపు టక్కుమని బందైతుంది. నింపేతందుకు మస్తు పరేషానైన. ట్యాంకిల గాలి బయటికి పోయే తొవ్వ ఏడనో మూసుకపోయినట్టుంది. జర ఎవ్వలకన్న చూపియ్యి."

"గాలి తొవ్వనా!" అని నవ్వాను.

"గంతే గద బావా. క్యాన్ల నీళ్ళు పోస్తె బుడబుడమని గాలి ఎదురు రావాలె. రాకుంటె నీళ్ళు దిగవు గద."

ఇక్కడ నా గురించి ఒక సంగతి చెప్పాలి. ఆరో తరగతికి నేను ఏటా చేసి చూపే ప్రయోగం ఒకటుంది. ఒక సీసా మూతికి గరాటు పెట్టి, చుట్టూ తడిమట్టి మెత్తి, గరాటులో నీళ్ళు పోస్తాం. నీళ్ళు దిగవు. మట్టికి ఒక పుల్లతో చిల్లు పొడిస్తే లోపలి గాలి బయటికి వస్తుంది, నీళ్ళు గడగడ దిగుతాయి. గాలి కూడా చోటు ఆక్రమిస్తుందని చెప్పే పాఠం. అప్పటికి ఏడేళ్ళుగా చెబుతున్నాను. మట్టి నా చేత్తోనే మెత్తుతున్నాను. మా బామ్మర్ది ఆ పాఠాన్నే నాకు అప్పజెప్పాడు. అయినా నా చెవికి సైన్సు వినపడలేదు. తప్పు చేసినవాడు ముందుగా వచ్చి చెప్పుకునే సాకు వినపడింది. "సరే, నేను చూసుకుంట. నువ్వు ట్రాక్టర్ చూసుకో" అన్నాను.

మర్నాడు వనపర్తి బంకులో అతను చెప్పినట్టే జరిగింది. పైపు పెట్టారు, రెండు లీటర్లకు టక్. మళ్ళీ పెట్టారు, పావు లీటరుకు టక్. ఆ బంకులో డీజిల్ పోసే ఆమె చాలా ఓపిక గలది. పైపును తలకిందులు చేసి చూసింది, సగం దాకే పెట్టి చూసింది, దారంలా సన్నగా వదిలి చూసింది. నా వెనక ఆటోలు, ట్రాక్టర్లు బారు కట్టి హారన్లు కొడుతున్నాయి. ఒక ఆటో అతను దిగి వచ్చి కారును ఊపితే లోపల సర్దుకుంటుందన్నాడు. ముగ్గురు కలిసి పల్లకీలా ఊపారు. ఊపిన కొద్దీ ఒక అర లీటరు పట్టింది. చివరికి ఆమె పైపు కొక్కేనికి తగిలించి, "సారూ, నీ బండికి ఎక్కిళ్ళు వస్తున్నయి. జర నీళ్ళు తాపుకొనిరా" అంది. రెండు వారాలు తిరిగేసరికి ఆ బంకులో నా పేరు 'రెండు లీటర్ల సారు' అయింది. నన్ను చూడగానే అక్కడి మనుషులు ఒకరినొకరు ముందుకు తోసుకునేవాళ్ళు. రెండేసి లీటర్లతో పాన్‌గల్ పోయి వస్తూ, దినం విడిచి దినం ఆ బంకుకు హాజరు వేయించుకుంటూ, నేను తిట్టుకున్నది మాత్రం మా బామ్మర్దినే. ఎక్కడో పల్లెలో డబ్బాలో డీజిల్ కొని పోయించాడని, ట్యాంకీలో చెత్త చేరిందని మనసులో ఖాయం చేసుకున్నాను. వెళ్ళేటప్పుడు బాగున్న కారు వచ్చాక పాడైంది. ఇంకేం రుజువు కావాలి?

ఇరవై ఒకటో రోజున తొట్టెల. వాకిట్లో పందిరి వేశారు. వాళ్ళావిడ తల్లిగారి వైపు వాళ్ళు లింగాల నుంచి జీపు కట్టుకుని వచ్చారు. పసిపిల్లను తొట్టెలో వేసి, పాటలు పాడి, పేరు పెట్టి, అందరం భోజనాలకు కూర్చున్నాం. మా బామ్మర్ది భుజాన తువ్వాలతో వరస వరసకూ తిరిగి వడ్డిస్తున్నాడు. మొదటి బిడ్డ. మనిషి మొహం వెలిగిపోతోంది. లింగాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "కారు మీదేనా సారూ? మస్తుగున్నది" అన్నాడు. ఆ ఒక్క మాటకు జవాబుగా అవునంటే సరిపోయేది.

"మస్తుగనే ఉండె, మా బామ్మర్ది చేతికి పోయేదాంక" అన్నాను.

కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు తలకెక్కింది. "ట్రాక్టర్ తోలే చేతికి కారిస్తె గట్లనే ఉంటది. ఏ డబ్బాల డీజిల్ పోయించిండో, ట్యాంకంత ఖరాబైంది. రెండు లీటర్లు గూడ పడ్తలేదు. అడిగితె గాలి అంటడు, తొవ్వ అంటడు" అన్నాను.

మా బామ్మర్ది సాంబారు గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. "నేను బంకులనే పోయించిన బావా" అన్నాడు మెల్లగా. "గాలి పోతలేదు. గది ఒక్కసారి చూడు."

"గాలి సంగతి నాకు చెప్తవా? ఏడేండ్ల సంది పిల్లలకు నేను చెప్తున్న" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ విస్తరిలో చెయ్యి ఆగిపోయింది. అతను పక్క మనిషి విస్తట్లో సాంబారు పోసి, ముందుకు జరిగి, ఆ వరస పూర్తిగా వడ్డించాడు. చివరి మనిషి దాకా ఒక్కరినీ తప్పించలేదు. ఆ తర్వాత మేం బయల్దేరేదాకా నాకు కనపడలేదు.

ఆ రోజు నుంచి మా ఇంటికి రావడం మానేశాడు. వారానికి రెండుసార్లు అక్కకు చేసే ఫోనూ మానేశాడు. మా ఆవిడ నాతో గొడవపడలేదు. పడి ఉంటే బాగుండేది. వేసవి సెలవులు వచ్చాయి. నేను మూత మార్పించాను, పైపు కడిగించాను, ట్యాంకీ కింద సుత్తితో కొట్టించాను. ఒక మెకానిక్ మూత తీసి వాసన చూసి డీజిల్ మంచిదేనన్నాడు. ఆ మాట నాకు నచ్చక ఇంకొకరి దగ్గరికి పోయాను. ఏదీ పనిచేయలేదు. ఒక సాయంత్రం మా ఆవిడ బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా అంది.

"ఈ యేడు నాకు ఒడిబియ్యం పొయ్యాలె."

మా వైపు ఆడపిల్లకు తల్లిగారింట్లో ఒడిబియ్యం పోయడం ఎంత పెద్ద సంగతో తెలియనివాళ్ళకు చెబుతాను. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ అన్నీ చేర్చి, కూతురి కొంగులో దోసిళ్ళతో పోస్తారు. అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టి కొత్త బట్టలు పెడతారు. ఇంకా నువ్వు ఈ ఇంటి బిడ్డవే అని నలుగురి ముందు చెప్పడమన్నమాట. మా వాళ్ళలో బేసి ఏళ్ళలోనే పోస్తారు. పెళ్ళైన ఏడాది పోశారు. ఇది మూడో ఏడు.

"ఆషాఢం వస్తె పొయ్యరు. తర్వాత మూఢమట, మంచి దినాల్లేవు. మల్ల వచ్చేది సరి యేడు" అంది. చేట ఆపింది. "నాకు తల్లి లేదు, తండ్రి లేడు. తల్లిగారిల్లంటే వాడొక్కడే. వాడు పిలువకపోతే నాకు ఇల్లే లేనట్టు గద."

ఆ మాటకు నాలో ఏదో కదలాలి. కదిలింది కూడా. కానీ ఎటు కదిలిందో చూడండి. అతను తప్పు చేశాడని రుజువు చూపిస్తే, అతనే తగ్గి వచ్చి అక్కను పిలుస్తాడని లెక్క వేశాను. ఆ రుజువు కోసమే మర్నాడు పొద్దున్నే కృష్ణ దాటి గద్వాలకు బయల్దేరాను. పాత ఓనరు మిస్త్రీ అక్కడున్నాడు. దారిలో మూడు బంకుల దగ్గర ఆగి, మూడుసార్లు రెండేసి లీటర్లు పోయించుకున్నాను.

గద్వాల మిస్త్రీ అరవై ఏళ్ళ మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. నేను ట్యాంకీ దించి అందులోని చెత్త తీసి నాకు చూపించమన్నాను. "చెత్త ఉంటె బండి ఆగుతది సార్, నింపుడు ఎందుకాగుతది?" అన్నాడు. ట్యాంకీ జోలికే పోలేదు. వెనక చక్రం పక్కన గోనె పరుచుకుని పడుకుని, చేతిని పైకి పోనిచ్చి, కళ్ళు మూసుకుని తడిమాడు. "ఈ పైపు నేనే పైకి తిప్పిన సార్, దుమ్ము చొరకుండ. ట్యాంకిల డీజిల్ పోస్తుంటె లోపలి గాలి దీంట్లకెళ్లి బయటికి పోవాలె. పోకుంటె డీజిల్ గొంతుకాడ్నే నిలుస్తది. బంకు పైపు మూతి మునుగుతది. ట్యాంకి నిండిందనుకొని టక్కుమని బందైతది." అంటూనే అతని చెయ్యి ఆగింది. ఏదో లాగాడు. రాలేదు. పటకారు అడిగి తీసుకుని మళ్ళీ లాగాడు. మట్టి కొట్టుకుపోయిన గుడ్డ ముక్క ఒకటి, దానికి వేలాడుతున్న సుతిలి దారంతో సహా బయటికి వచ్చింది.

మిస్త్రీ లేచి కూర్చుని దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు. "ఎవడో మీ మీద పగబట్టినోడే సార్. మస్తు మనసు పెట్టి కుక్కిండు."

"ఎలుకలేమో" అన్నాను.

"ఎలుక మడత పెట్టి కుక్కుతదా సార్?" అని కళ్ళజోడు పైకి తోసుకుని ముడిని పరీక్షగా చూశాడు. "రెండు ముళ్ళేసిండు. పని తెలిసినోడు గిట్ల ముడెయ్యడు. ఎవడో చదువుకున్నోడు."

ఆ గుడ్డ నా చేతికిచ్చాడు. మడత విప్పాను. లోపలి భాగం ఇంకా తెల్లగానే ఉంది. నీలం అంచు. మూల మీద బొటనవేలంత పసుపు. కొత్త బట్ట పెట్టేటప్పుడు మూలకు పసుపు రాస్తాం కదా, ఆ పసుపు. మొదటి ఏడు ఒడిబియ్యం పోసిన రోజు, బావా అంటూ మా బామ్మర్ది నా భుజం మీద కప్పిన తువ్వాల అది. ముతకగా ఉందని కారు తుడవడానికి పడేసినవాణ్ణి నేను. చించినవాణ్ణి నేను. కుక్కినవాణ్ణి నేను. గుడ్డను ప్యాంటు జేబులో దాచుకున్నాను.

ఆ పక్కనే బంకు. పైపు పెట్టారు. రెండు లీటర్లు దాటింది, అయిదు దాటింది, పది దాటింది. చక్రం పైనుంచి గాలి సన్నగా ఈలలా బయటికి వస్తోంది. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. నలభై దగ్గర టక్‌మని ఆగింది. డీజిల్ పోస్తున్నాయన, "ఫుల్ సార్" అన్నాడు. మూడు నెలలుగా నేను వినాలనుకున్న మాట అదే.

వెంటనే ఉప్పునుంతలకు పోయి ఉంటే ఈ కథలో నా పాత్రకు కొంత మర్యాద మిగిలేది. పోలేదు. ఇంటికొచ్చి, "బాగైంది, లోపల దుమ్ము పట్టిందట" అని చెప్పి పడుకున్నాను. మర్నాడు బడి తెరవబోయే ముందు ఏదో మీటింగు ఉంటే పోయి, మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి వాకిట్లో దండెం మీద నా రెండు చొక్కాల నడుమ ఆ గుడ్డ ముక్క ఆరుతోంది. ఉతికి, పిండి, రెండు వైపులా క్లిప్పులు పెట్టి మరీ ఆరేసింది. మట్టి పోయింది. పసుపు పోలేదు. సుతిలి దారం కూడా విప్పి పక్కన వేలాడదీసింది. మా ఆవిడ గడపలో కూర్చుని ఉంది.

"మనింట్ల ఎలుకలకు పసుపు పెట్టిన తువ్వాల్లు గూడ ఉన్నయన్నట్టు" అంది.

నేను చెప్పులు విప్పలేదు. ఆ గుడ్డను దండెం మీది నుంచి తడిగానే తీసుకుని కారెక్కాను.

మా బామ్మర్ది ఊరి బయట ఎవరిదో చెలక దున్నుతున్నాడు. నన్ను చూసి ట్రాక్టర్ ఆపాడు కానీ దిగలేదు. "అక్క మంచిగున్నదా?" అన్నాడు మొదట. ఉందన్నాను. గుడ్డ పైకి చూపించాను. వంగి అందుకుని, అంచు చూశాడు, పసుపు చూశాడు.

"గిది నేను నీకు పెట్టిన తువ్వాల గద."

"అవును. నేనే కుక్కిన. ఎలుకలు రావద్దని. గాలి తొవ్వల కుక్కిన. నువ్వు చెప్పిందే నిజం. తప్పైంది రా, మనసుల పెట్టుకోకు."

గుడ్డను మళ్ళీ మడతపెట్టాడు. ఆపిన ఇంజన్ వేడికి టిక్కు టిక్కుమంటోంది. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ట్యాంకి సంగతి పోనీ బావా. గా దినం నా బిడ్డ తొట్టెల. మా అత్తగారోళ్ళు ఉండిరి. మా మామ తిరిగి పోంగ, 'పంతులు బండి ఖరాబు చేసినవంట గద' అన్నడు. అందర్ల అన్నవ్. ఇప్పుడు ఎవ్వలు లేనికాడ నా ఒక్కని చెవుల తప్పైందంటున్నవ్."

నేను ట్రాక్టర్ దగ్గరికి ఇంకో అడుగు వేశాను.

"అక్కను పిలుద్దామని మూడుసార్లు ఫోన్ చేతుల పట్టుకున్న" అన్నాడు. "నువ్వెత్తుతవేమోనని పెట్టేసిన."

"పిలువు. అందర్నీ పిలువు. ఆ దినం ఎవరెవరున్నరో వాళ్ళందర్నీ పిలువు. అదే వాకిట్ల చెప్త" అన్నాను. గుడ్డను నాకు తిరిగి ఇచ్చి ట్రాక్టర్ స్టార్ట్ చేశాడు. నాలుగు రోజుల తర్వాత మా ఆవిడకు ఫోన్ వచ్చింది. ఆమె ఫోన్ పట్టుకుని వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. బయటికి వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆషాఢానికి మూడు రోజుల ముందు దినం కుదిరింది.

ఆ రోజు అదే పందిరి, ఇంచుమించు అదే మనుషులు. లింగాల పెద్దాయన కూడా వచ్చాడు. నేను మాత్రం చేతి సంచిలో ఒక గాజు సీసా, ఒక గరాటు, బడి నుంచి తెచ్చిన తడిమట్టి ముద్ద పెట్టుకుని పోయాను. (ఏడేళ్ళ అలవాటు. ఏదైనా నిజం చెప్పాలంటే ముందు సామాను సర్దుకోవాలి నాకు.) బియ్యం పోయడానికి మా ఆవిణ్ణి పీట మీద కూర్చోబెట్టారు. నేను లేచి నిలబడి, నలుగురి మధ్య సీసా పెట్టి, గరాటు పెట్టి, మట్టి మెత్తి, చెంబుతో నీళ్ళు పోశాను. నీళ్ళు గరాటులోనే నిలిచాయి. "చూడండి, గాలి బయటికి పోయే తొవ్వ లేదు కాబట్టి నీళ్ళు దిగవు" అని మొదలుపెట్టాను. "ఆ దినం మా బామ్మర్ది చెప్పింది ఇదే. ఇక్కడ ఈ మట్టి ఏదైతే ఉందో, కారులో దాని జాగల ఈ గుడ్డ..." అంటూ జేబులోంచి తువ్వాల ముక్క తీశాను. పాఠం బాగా సాగుతోంది. ఇంకో రెండు నిమిషాలు వదిలితే బోర్డు కూడా అడిగేవాణ్ణేమో.

మా ఆవిడ వాళ్ళ నాయినమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. చూపు అంతంతమాత్రం, చెవులు మాత్రం గట్టివి.

"పంతులూ" అంది. "గా సీసా ఎందుకయ్యా?"

"అవ్వా, అర్థం కావాలని..."

"మాకు గా దినమే అర్థమైంది. మా పిల్లగాడు అబద్ధమాడడని మాకు తెల్వదా? గీ నీళ్ళు, గీ మట్టి ఎందుకు? తప్పైందని ఒక్క మాట అనరాదు? బియ్యానికి యాళ్ళ దాటుతుంది."

వాకిలంతా గొల్లున నవ్వింది. నేను చేతిలో చెంబుతో నిలబడి ఉన్నాను. నా పాఠం అక్కడితో అయిపోయింది. ఇక మిగిలింది నేను చెప్పడానికి భయపడి ఆ సీసా చాటున దాక్కున్న మాట ఒక్కటే. చెంబు కింద పెట్టాను. మా బామ్మర్ది వైపు తిరిగి, లింగాల నుంచి వచ్చిన వాళ్ళ మామకు కూడా వినపడేటట్టు, "తప్పు నాది. నా చేత్తో నేను చేసి, నీ మీద పెట్టిన. తప్పైంది" అన్నాను. గొంతు నేననుకున్నంత గట్టిగా రాలేదు. కానీ వినపడింది. ఆనాడు కారును మెచ్చుకున్న పెద్దాయన తల ఊపాడు.

మా బామ్మర్ది వచ్చి సీసా మీది మట్టికి వేలితో చిల్లు పొడిచాడు. నీళ్ళు గడగడమని దిగాయి. "బావా, సీసా జరుపు, అక్క ఒడిల బియ్యం పొయ్యాలె" అన్నాడు. దోసిలి నిండా పచ్చని బియ్యం తీసుకుని మా ఆవిడ కొంగులో పోశాడు. రెండో దోసిలికి ఆమె తల వంచేసింది. తర్వాత నా భుజం మీద కొత్త తువ్వాల కప్పుతూ, అందరికీ వినపడేటట్టు, "పెద్దది తెచ్చిన బావా. సగం నీకు, సగం ఎలుకలకు" అన్నాడు. ఆ రోజు ఎక్కువ నవ్వింది నాయినమ్మే.

ఆ సాయంత్రం బయల్దేరే ముందు కారు రెండో తాళంచెవి వాళ్ళింట్లో, పసుపు కుంకుమల గూటి పక్కనున్న మేకుకు తగిలించాను. ఆ తర్వాత అయిదారేళ్ళు ఆ కారు మా ఇంట్లో కంటే ఉప్పునుంతలలోనే ఎక్కువ తిరిగింది. ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి పాము కరిచినా నాగర్‌కర్నూల్‌కు అదే పోయేది. అద్దాల మీద వేలి ముద్రలు, సీట్ల మీద మట్టి, డిక్కీలో పల్లికాయ. నేనేమీ అనలేదు. మొదట్లో అనకుండా ఉండటం కష్టంగానే ఉండేది, అబద్ధం చెప్పను. ఇప్పుడు కారు లేదు, అమ్మేశాం. ఆ తాళంచెవి మాత్రం ఇంకా ఆ మేకుకే ఉంది.

ఆ తొట్టెలలోని పాప ఇప్పుడు మా ఇంట్లోనే ఉండి, నాతో పాటు బడికి వస్తోంది. ఈ ఏడు ఆరో తరగతి. మొన్న ఆ పాఠం వచ్చింది. సీసా, గరాటు, మట్టి. నీళ్ళు గరాటులో నిలిచాక, ప్రతి ఏడూ చెప్పినట్టే చెప్పాను. ఈ ప్రయోగం నేను పుస్తకంలో చదివి ఏడేళ్ళు చెప్పానని, కానీ దీన్ని నాకు అర్థం చేయించింది ఉప్పునుంతల దగ్గర ట్రాక్టర్ నడిపే ఒకాయనని, ఆయన చెప్పిన రోజు నేను వినలేదని, నలుగురిలో ఆయన్ని అవమానించానని. ముందు బెంచీ మీది నుంచి మా పాప నోరు తెరిచి చూస్తోంది. బడిలో సారు అనాలని ఎంత చెప్పినా ఆ క్షణంలో మరిచిపోయింది.

"మామా, మా నాయినేనా?"

తరగతి అంతా నవ్వింది. అవునన్నాను. వచ్చి మట్టికి చిల్లు నువ్వే పొడువమని పుల్ల ఇచ్చాను. ఆ పిల్ల పుల్ల పక్కన పెట్టి, వాళ్ళ నాయిన లాగే వేలితో పొడిచింది. నీళ్ళు గడగడ దిగుతుంటే, నలభై మంది పిల్లల వెనక, చేతిలో చెంబుతో పందిట్లో నిలబడ్డ ఆ ముప్పై ఏళ్ళ పంతులు నాకు కనిపించాడు. ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. వద్దులే, కూర్చో అన్నాను మనసులో.